యాభై దాటితే లేదు

"అవ్వా, నీ వయసెంత?"

"ఆడవాళ్ళ వయసు అడక్కూడదని మీ అమ్మ చెప్పలేదా బాబూ?"

స్టోరు గది గుమ్మం దగ్గర వరస ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి నెలసరి ప్యాడ్లు. పొద్దస్తమానం ఆడవాళ్ళ చేతుల మీదుగా పోయేవీ అవే, వాళ్ళు కొనుక్కోలేనివీ అవే. అందుకని నెలకోసారి తలా ఒక ప్యాకెట్ ఊరికే ఇస్తారు. యాభై దాటితే మాత్రం లేదు. ఊడ్చే అవ్వకు యాభై ఎప్పుడు దాటిందో ఆమెకే గుర్తులేదు.

అయినా ఇవాళ వరసలో నిలబడింది. పొద్దున్నే మనవరాలికి మొదలైంది. రేపటి నుంచి వారమంతా పెద్ద పరీక్షలు. పోయినసారి పాత గుడ్డ పెట్టుకుని బడికి వెళితే బట్టల మీద మరక చూసి క్లాసంతా నవ్విందట. ఈసారి చచ్చినా వెళ్ళనని మూల కూర్చుని ఏడుస్తోంది.

ప్యాకెట్లు పంచే సూపర్‌వైజర్ కొత్తగా వచ్చిన కుర్రాడు. తను చేయించే సరుకు పేరు పలకడానికే సిగ్గు, "ప్రొడక్టు" అంటాడు.

"అది కాదవ్వా, ఈ ప్రొడక్టు నీకెందుకూ అని."

"చెవుల్లో పెట్టుకోవడానికి కాదులే."

వరసలో వాళ్ళు కిసుక్కుమన్నారు.

"అంటే... నీకింకా... అదీ..." కుర్రాడు నీళ్ళు నమిలాడు.

"ఏదీ?"

"అదే... ఈపాటికి ఆగిపోయి ఉండాలి కదా."

"గోడ గడియారమా బాబూ, ఆగిపోవడానికి? మా వంశమే అంత. మా అమ్మకు కాటికి పోయేదాకా ఆగలేదు. అనుమానంగా ఉంటే చెప్పు, ఇక్కడే..." అంటూ అవ్వ చీర కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసింది.

కుర్రాడి ముఖం కందగడ్డ అయింది. కళ్ళు గట్టిగా మూసుకుని ప్యాకెట్ ఆమె చేతిలో పడేశాడు.

"నీకో దణ్ణం, వెళ్ళవ్వా! ఇంకో ముసలమ్మ వచ్చి ఈ మాట చెప్పిందంటే మాత్రం ఊరుకోను."

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. బుర్రమీసాల మనిషి, దూదిపింజ కూడా గేటు దాటనివ్వడు. సంచీలో చెయ్యి పెట్టి ప్యాకెట్ బయటికి తీశాడు.

"ఏంటవ్వా ఇది? దొంగసరుకా?"

"దొరలా అడిగి తెచ్చుకున్నా."

"ఈ వయసులో నీకెట్లా ఇచ్చాడు?"

"నాకింకా ఆగలేదని చెప్పా."

వాచ్‌మన్ నవ్వలేదు. "నమ్మాడా?"

"నమ్మక చస్తాడా? ఆ మాట ఎత్తితే చాలు, వాడికి ముచ్చెమటలు పడతాయి. ఇంకేం అడగలేడు."

వాచ్‌మన్ ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ మనవరాలికేగా ఇది? మా అమ్మాయిది కూడా ఆ పిల్ల క్లాసేనవ్వా. తల్లిలేని పిల్ల, నాతో ఏం చెప్పుకుంటుంది? నిన్నటి నుంచి తలుపేసుకుని పరీక్షలకు పోనంటోంది. ఇవి కొందామని కొట్టుదాకా వెళ్ళా. ధర అడగడానికి నోరు పెగల్లేదు. అగ్గిపెట్టె కొనుక్కుని వచ్చా."

అవ్వ మనసు చివుక్కుమంది. ఇంత మీసం పెట్టుకున్న మనిషి నేలచూపులు చూస్తుంటే జాలేసింది.

"పోనీలే నాయనా, చెరిసగం చేసుకుందాం."

"సగం వారానికే సరిపోతాయి. ఇద్దరూ సగం పరీక్షలే రాస్తారా?"

వాచ్‌మన్ కాసేపు స్టోరు గది వైపు చూశాడు. ప్యాకెట్ ఆమె సంచీలో పెట్టేసి, చేతికర్ర ఆమెకిచ్చాడు.

"కాస్త గేటు చూస్తూండు."

గట్టిగా అడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆడవాళ్ళ వరస చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, నవ్వాలో వద్దో తెలియక ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. సూపర్‌వైజర్ తలెత్తి చూసి బిత్తరపోయాడు.

"నువ్వేంటయ్యా ఇక్కడ?"

వాచ్‌మన్ మీసం సవరించుకున్నాడు. అతని గొంతు గేటుదాకా ఖంగుమని వినిపించింది.

"నాక్కూడా ఇంకా ఆగలేదు సార్!"