పెరుగు తోడుకునే కారు

తోడు వేసిన కుండను కదిపితే పెరుగు పాడవుతుందని సూరీడమ్మ పట్టుదల. కోడలు నూకరత్నం మాత్రం పాడేరులో పెళ్లికని పొద్దున్నే తునిలో పాలకు తోడు వేసి, కుండలన్నీ పొడుగు కారు వెనక సర్దేసింది. ఆ కార్లు ఊరూరా వచ్చాక పెరుగు అమ్మేవాళ్లంతా చేస్తున్న పనే అది. వెనక అంత పొడుగున్నా అవి చిన్న కారులాగే మలుపు తిరుగుతాయి. లోపలి సరుకు కుదపకుండా ఏ మలుపులో వెనక భాగం అడుగు ఎటు వాలాలో వాటికే తెలుసు.

"మజ్జిగైపోద్దే! పెళ్లోరి ముందు పరువు పోద్ది," అంటూ అత్త ఒక కుండను ముందు సీట్లో తన ఒళ్లో పెట్టుకుంది. ఘాట్ రోడ్డు పొడుగునా, మలుపు వచ్చినప్పుడల్లా దాన్ని పొట్టకు అదుముకుంది.

పాడేరులో పెళ్లివారి వంటపాకలో మూతలు తీశారు. వెనక వచ్చిన కుండల్లో పెరుగు గడ్డలా పేరుకుంది. ఒళ్లో వచ్చినది నీళ్లు నీళ్లుగా ఉంది.

పెళ్లికూతురి మేనమామ అందులో గరిటె ముంచి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"అది మజ్జిగకండి. కావాలనే తెచ్చాం," అంది నూకరత్నం, అత్త వైపు చూడకుండా.

తిరుగు ప్రయాణంలో సూరీడమ్మ తిన్నగా వెళ్లి వెనక, ఖాళీ కుండల మధ్య కూర్చుంది.

"ముందర నాకు తల తిరుగుద్దే," అంది.