కాలిపోయిన కార్డు

"వచ్చిందా?"

"ఆగవే. ఇదేమన్నా పొయ్యి మీద చాయా, పొంగితే దించటానికి?" అంకమ్మరావు నల్లటి తెర మీద ఇంకో కమాండ్ కొట్టాడు. వైఫై గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

కోటేశ్వరి మొగుడి పక్కనే నిలబడి గోడ గడియారం వంక చూసింది. నాలుగింటికి పరీక్ష. ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి లెక్కలు చూసే ఉద్యోగం. రెండు రౌండ్లు దాటింది. ఇది చివరిది, లాప్‌టాప్ మీదే రాయాలి. తప్పితే రేపు మళ్లీ కారంపూడి కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీయడమే. ఆ ఘాటుకు వేళ్లు నిన్నటి నుంచి మండుతూనే ఉన్నాయి.

"నిన్నంతా బాగానే ఉందిగా?"

"అప్‌డేట్ పడింది. వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, ఎగిరిపోయింది."

"ఈ లినక్స్ బదులు అందరి మాదిరి విండోసే ఏసుంటే..."

"కంపెనీలోళ్లకి బానిసలుగా బతకమంటావా? లినక్స్ అంటేనే స్వేచ్ఛ!"

ఈ ముక్క అతని నోట వినని మనిషి ఊళ్లో లేడు. ప్రతి ఆదివారం, ఇవాళ కూడా, ఐదింటికి ఇదే లాప్‌టాప్‌లో ఆడవాళ్లకు ఆన్‌లైన్ క్లాసు చెబుతాడు, ఉచితంగా. దాని పాస్‌వర్డ్ మాత్రం ఇంట్లో అతనొక్కడికే తెలుసు.

"నా ఫోను కేబుల్‌తో కలిపితే నెట్ రాదా?"

"దానికీ డ్రైవరే కావాల. నీకు తెలీదులే, ఊరుకో."

డ్రైవర్ తీసేశాడు. మళ్లీ ఎక్కించాడు. రీస్టార్ట్ చేశాడు. చెమటలు కక్కుతుంటే ఆమె కొంగుతో విసిరింది.

"జీతం నాకంటే ఎక్కువంటగా," అన్నాడు తల ఎత్తకుండా. "ఇంక ఊళ్లో నన్ను మీసం తిప్పనిస్తారా?"

ఆమె నవ్వింది. "ముందు రానియ్యవయ్యా."

నాలుగు దాటింది. నాలుగున్నర కూడా దాటింది. ఇక పరీక్షకు రానివ్వరు.

ఐదు కావస్తుంటే అంకమ్మరావు లాప్‌టాప్ మూసేశాడు. "డ్రైవర్ కాదే, లోపలి వైఫై కార్డే కాలిపోయింది. నరసరావుపేట పోయి కొత్తది తేవాల. ఇయ్యాల నా క్లాసూ పోయినట్టే."

"నువ్వు మాత్రం ఏం చేస్తావయ్యా. చానా కష్టపడ్డావు."

"నీళ్ల క్యాన్ పట్టుకురా పో. నాలుగడుగులేస్తే మనసు కుదుటపడుద్ది."

ఆమె క్యాన్ తీసుకుని బయటపడింది. మండే వేళ్లతో కన్నీళ్లు తుడుచుకుంటే కళ్లు ఇంకా మండాయి. సందు మలుపులో గుర్తొచ్చింది, క్యాన్ మూత మర్చిపోయింది. వెనక్కి వచ్చింది.

కిటికీలోంచి చూస్తే లాప్‌టాప్ తెరిచి ఉంది. అంకమ్మరావు గొంతు హుషారుగా వినిపిస్తోంది.

"అక్కలారా, నా స్క్రీన్ కనపడతందా?"