కొండకొట్టాల రుజువు

"ఈ కొండమీద ఊరే లేదమ్మా!" అన్నాడు సర్వేకు వచ్చిన ఉదయ్, ఆయాసం తీరకుండానే.

కస్తూరమ్మ నెత్తిమీది నీళ్లబిందెతోనే గిర్రున తిరిగింది. "అట్లయితే నీకిప్పుడు మజ్జిగ ఇచ్చిందెవురు సారూ? దయ్యాలా?"

కొండకొట్టాల పద్దెనిమిది ఇళ్లవాళ్లూ గొల్లున నవ్వారు. ఉదయ్ కూడా నవ్వాపుకోలేక ఫోన్‌లో పటం చూపించాడు. ఆదోని ఉంది. ఎమ్మిగనూరు రోడ్డు ఉంది. కొండా ఉంది. కొండమీద మాత్రం ఉత్త బండలు.

"పైకి నీళ్ల పైపు వేయాలంటే, యాభై ఏళ్లుగా ఇక్కడ మనుషులున్నట్టు కాగితం చూపాలి. ఈరోజే ఆఖరు."

పైపు మాట వినగానే కస్తూరమ్మ గుండె ఎగిరిపడింది. కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లు. రోజుకు నాలుగు బిందెలు, బిందెకు మూడువందల మెట్లు. ఈ సారు ఉత్త చేతులతో దిగిపోతే ఇంకెన్నేళ్లో!

"మా తాత సమాధి సూడు సారూ!" అన్నాడు పెద్దమనిషి బసన్న.

"దానిమీద ఏం రాసుంది?"

"రాసేదెందుకప్పా? ఆడ పండుకున్నోడు యెవురో మాకు తెల్దా?"

మళ్లీ నవ్వులు. కస్తూరమ్మ బిందె దించి ఇంట్లోకి పరుగెత్తింది.

"అత్తా! పాత కాగితమేమన్నా ఉండాదా?"

ఎనభై దాటిన చౌడమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ల్యాకేం? మీ మామ ఇచ్చిపోయిన పట్టా! సర్కారోళ్లు కొండ మనకు రాసిచ్చినారని సెప్పినాడు."

దేవుడి పటం వెనక నుంచి కాగితం బయటికొచ్చింది. అరవై ఏళ్లుగా శుక్రవారం శుక్రవారం పసుపూ కుంకుమా పూసి మొక్కిన కాగితం. మడతలు అప్పడంలా విరుగుతున్నాయి.

ఉదయ్ పసుపును గోటితో గీకి చదివాడు. కళ్లు పెద్దవయ్యాయి. పెదవి కొరుక్కుని, గబగబా ఫోటో తీసుకున్నాడు.

"ముద్ర ఉంది. తేదీ ఉంది, పంతొమ్మిది వందల అరవై ఒకటి. పదకొండు కుటుంబాల పేర్లున్నాయి. మీకు పైపు వచ్చినట్టే!"

కొండ దద్దరిల్లింది. బసన్న తలగుడ్డ విప్పి గిరగిరా తిప్పాడు. ఎవరో డప్పు అందుకున్నారు. చౌడమ్మ చేతికర్ర పారేసి చిందు మొదలుపెట్టింది. "సూసినారా, నా మొగుడి తెలివి!" కస్తూరమ్మ నవ్వుతూ, ఏడుస్తూ ఉదయ్ నోట్లో ఇంత బెల్లం కుక్కింది.

సారును సాగనంపుతూ మెట్లు దిగేటప్పుడు అడిగింది. "నాకు సదువు రాదు సారూ. మా మామ సెప్పిందే రాసుండాదా దాంట్లో?"

ఉదయ్ ఒకసారి పైకి చూశాడు. చౌడమ్మ ఇంకా ఆడుతూనే ఉంది. గొంతు తగ్గించి, ఫోన్‌లో చూసి చదివాడు:

"ఈ కొండపై అక్రమముగా నివసించుచున్న దిగువ కుటుంబములవారు పదిహేను దినములలో ఖాళీ చేసి వెళ్లిపోవలెను."