ఆయన వంతు

ఆన్‌లైన్‌లో పదాల గొలుసు ఆడే బృందంలో అందరికీ ఆయన గురువుగారు. ఒకరు పెట్టిన పదం చివరి అక్షరంతో మరొకరు కొత్త పదం అందుకోవాలి. అక్కడ అన్ని మాటలు పంచిపెట్టిన మనిషి ఇంట్లో పలికేది ఒక్కటే: "మంచినీళ్లు." అదీ ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆయన పోయాక ఆ ఫోన్‌లో ఆయన వంతు భార్యే ఆడుతోంది. పోయారని చెప్పాలంటే తానెవరో చెప్పుకోవాలి. తనకో పెళ్లాం ఉందని ఆయన అక్కడ ఏనాడూ అనలేదు మరి.

ఆ రాత్రి అంట్లు తోముతుంటే గట్టుమీద ఫోన్ మోగింది. బృందంలోని టైలరు "చిలక" అని పెట్టాడు. ఆమె చేతులు తుడుచుకునేలోపే దాని కింద ఆయన పేరుతో ఒక పదం పడింది.

"మంచినీళ్లు."

ముందుగదిలో ఆయన కుర్చీ కిర్రుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కిందికి చూసుకుంటే చేతిలో గ్లాసు అప్పటికే నిండి ఉంది. పాడు అలవాటు.

ఫోన్ మళ్లీ మోగింది. టైలరే.

"గురువుగారూ, 'క'తో కదండీ రావాలి?"

ఆమె ఫోన్ ముట్టుకోలేదు. జవాబు మాత్రం వచ్చింది.

"మీక్కాదులెండి. మా ఆవిడకి."