నౌక తలుపు

"అయితే చివర్లో నౌక తలుపు తెరుచుకోలేదంటారు?"

"తెరుచుకోదు. నవల్లోనూ అంతే, సినిమాలోనూ అంతే. పుస్తకాన్ని చెడగొట్టకుండా తీశాడు, మెచ్చుకోవాలి," అన్నాడు భర్త.

ఆమెకు ఒళ్లు మండింది. అదే సినిమాకి నిన్న మ్యాట్నీకి అక్కతో వెళ్లొచ్చింది. సినిమాలో తలుపు తెరుచుకుంటుంది. అంగారకుడి మీద ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడి ముందుకు నౌకలోంచి అతని భార్య నడిచొస్తుంది. ఒక్క మాట ఉండదు, సంగీతం తప్ప. హాలంతా ఏడ్చింది. చూసినవాడెవడైనా అది మర్చిపోతాడా?

ఆ నవలంటే ఆయనకు ప్రాణం. పెళ్లైన కొత్తలో ఆమెకు ఎన్నిసార్లు చదివి వినిపించాడో లెక్కలేదు. పుస్తకం సినిమాగా వస్తే ఇద్దరూ కలిసి చూసి, ఇంటికొచ్చి పోట్లాడుకోవడం ఆ ఇంటి ఆచారం. ఈసారి మాత్రం ఒక్కడినే వెళ్తానని మొన్న సాయంత్రం వెళ్లొచ్చాడు.

ఆయనకు ఇంకో ఆడమనిషి ఉందన్న అనుమానం ఇవాళ్టిది కాదు. వాచీలు బాగుచేసే మనిషి, సన్నపనంతా పక్క షాపుకు పంపేసి ఊరికే కూర్చుంటున్నాడట. స్కూటరు దుమ్ము కొట్టుకుపోతోంది, తిరుగుళ్లన్నీ ఆటోల్లోనే. మాట్లాడితే మొహంలోకి చూడడు, చెవి పక్కన ఎటో చూస్తాడు. తప్పు చేసినవాడి చూపు అలాగే ఉంటుందని, నిప్పు లేనిదే పొగ రాదని, వెంటనే వచ్చెయ్యమని అక్క చెప్పింది. సర్దిన పెట్టె మంచం కింద ఉంది. ఇన్నేళ్ల కాపురం నీళ్లపాలైందని ఆమెకు ఏడుపొస్తోంది.

ఒక్కటే మింగుడుపడలేదు. సినిమాలో మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు, నవల్లో లేనివి కూడా. ఆవిడెవరో చూసొచ్చి చెప్పి ఉంటుందనుకుంది కచ్చగా.

"తలుపు తెరుచుకుంది. నా రెండు కళ్లతో చూశాను. ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?"

"హాల్లోనే ఉన్నాను. అలా ఎలా తీస్తారు? చివరి పేజీలో అలా లేదే."

"ఏముందో మీరే చదవండి." బీరువాలోంచి అట్టవేసిన పాత పుస్తకం తెచ్చి, ఎదురుగా నిలబడి, చివరి పేజీ తెరిచి ఆయన చేతుల్లో విసురుగా పెట్టింది.

ఆయన తల వంచి చదివాడు. "తలుపు తెరుచుకోలేదు. అతను మాత్రం దీపం ఆర్పలేదు." ఎక్కడా తడబాటు లేదు. పెళ్లైన కొత్తలో విన్న గొంతే. పేజీ కిందిదాకా అలాగే చదువుకుంటూ పోయాడు.

ఏ వాక్యం దగ్గరున్నాడో చూద్దామని ఆమె పేజీ మీదికి వంగింది.

పుస్తకం ఆయన చేతుల్లో తలకిందులుగా ఉంది.