వేవిళ్ళ పులుపు

అంట్లు తోమిన నీళ్ళు పారే పెరటి మూల, ఉడుత మామ్మ ఏటా ఒక టమాటా మొక్క పెంచేది. ఆ విత్తనం వాళ్ళ అత్తగారి నాటిది. పండు గుజ్జును గింజలతో సహా బూడిదలో కలిపి గోడకు అద్ది, మరుసటి ఏటికి దాచుకునేవారు.

ఆ ఏడు కోడలు బంగారికి వేవిళ్ళు పట్టుకున్నాయి. మంచినీళ్ళు కూడా ఇమడడం లేదు. "పుల్లగా ఏదైనా పెట్టవూ, అత్తయ్యా?" అని రోజూ అడిగేది. మామ్మకు ప్రాణం ఉసూరుమనేది. కాయలా, ఇంకా పచ్చివే, కొరికితే వగరు.

కాకి ఒక నున్నటి టమాటా పండు తెచ్చి గోడ మీద వాలింది. "ఇదిగో పిల్లా, సంతలో పండు! అద్దంలా లేదూ? మామ్మా, ఆ వంకరకాయలు పండేలోగా నీ మనవలకు మీసాలొస్తాయి!"

బంగారి ఆశగా కొరికింది. పులుపూ లేదు, వాసనా లేదు. తిన్నదంతా కక్కేసింది.

"అద్దం బాగానే ఉందిగానీ, తినేది ఏదర్రా?" అంది మామ్మ మెల్లగా.

నాలుగోనాడు పొద్దున్నే మొదటి కాయ చెట్టునే పండింది. వంకరగా ఉంది, ఒక పక్క పగిలింది కూడా. మామ్మ దాన్ని సూర్యుడికి చూపించి, కళ్ళకద్దుకుని కోడలికిచ్చింది. పుల్లటి రసం బంగారి మీసాల వెంట కారింది. మామ్మ పక్కనే కూర్చుని కనిపెట్టి చూసింది. తిన్నది తిన్నట్టే ఇమిడింది!

"ఆ ముక్క కూడా తినేయమ్మా."

"దీన్ని ఉండనీ, అత్తయ్యా." బంగారి ఆఖరి ముక్కను బూడిదలో పొర్లించి గోడకు అద్దింది. "రేపు నా కూతురికీ వేవిళ్ళొస్తాయిగా!"