కొండకు అలవాటు పడని నెత్తురు

"కూర్చోవయ్యా," అన్నాడు గని ఆసుపత్రి డాక్టరు.

ఆయన కూర్చోమన్నాడంటే కొంప మునిగినట్టేనని గనిలో అందరికీ తెలుసు. గనిలో బండ తొలిచే డ్రిల్లరు కూర్చున్నాడు. అతని పేకాట నేస్తం కాంపౌండరు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఇంత ఎత్తున గాలి పలచన. ఒళ్ళు ముందు ఊపిరి జోరు పెంచుతుంది, తర్వాత నెత్తురు చిక్కబరుచుకుంటుంది. అది మరీ చిక్కబడితే ప్రమాదమనే ఏటా ఈ నెత్తురు పరీక్ష. నీ ఎర్రమొహం, నల్లపెదాలు చూసి ఈసారి నిన్ను కిందికి పంపక తప్పదనుకున్నాను."

"పంపితే ఉద్యోగం పోతుంది కదా సార్."

"పోతే పోయేది, ప్రాణం దక్కేది. మొహం చూసి మోసపోయాను. ఈ నెత్తురు నీళ్ళలా ఉంది. ఎముక మూలుగ కొత్త నెత్తురు పుట్టించడమే మానేసింది. సీసాలో నెత్తురు రెండుసార్లు పరీక్షించి చూశాం."

గనిలో కప్పు కూలిన రోజు కూడా డ్రిల్లరుకు ఇంత భయం వేయలేదు.

"కిందికి తీసుకెళితే?" అన్నాడు.

"ఇది కొండ జబ్బు కాదయ్యా. ఎక్కడున్నా ఒకటే. మందులతో కొన్ని నెలలు లాగొచ్చు, అంతే."

వరండాలో కాంపౌండరు అతని చెయ్యి పట్టుకున్నాడు. "చెల్లెమ్మకు నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్పుకుంటాను."

క్వార్టర్ల మెట్లన్నీ ఎప్పట్లాగే ఎక్కడా ఆగకుండా ఎక్కాడు. పైమెట్టు మీద భార్య నీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకుని కూలబడి ఉంది. పైకొచ్చి ఏడాదవుతున్నా ఆమెకు ఆయాసం తగ్గలేదు. 'నీ ఒంటికి బద్ధకమే, కొండను అలవాటు చేసుకోదు' అని రోజూ ఆటపట్టించేవాడు. ఇవాళ మాత్రం బకెట్టు తాను అందుకున్నాడు.

"ఏమన్నాడు బావా డాక్టరు? ఉద్యోగం ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"నా మాట వింటే నిలుస్తుందని చెప్పలేదూ? ఊరికే హడలి చచ్చావు." నవ్వబోయి, ఊపిరందక గోడ పట్టుకుంది. ఆమె మోచేతి మడతలో నల్లగా కమిలిన మచ్చ ఇంకా మానలేదు. డ్రిల్లరు దాని మీద అరచెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పిచ్చి బావా, ఉద్యోగం నిలిచినందుకు ఎవరైనా ఏడుస్తారా?"

కాంపౌండరు అతని పేరిట సీసా నింపింది ఆ చేతి నుంచే.